మా ‘కవర్’ పాలెం

మా ఊరి పేరు నా ఫోన్‌కి నోరు తిరగదు. మైకు గుర్తు నొక్కి ‘మాకవరపాలెం’ అని ఎంత నిదానంగా చెప్పినా తెర మీద ‘మా కవర్ పాలెం’ అనే పడుతుంది. మొదట్లో విసుక్కుంటూ వేలితో దిద్దేవాణ్ణి. ఈ వార్తల పనిలో నాలుగేళ్ళు నలిగాక, ఫోన్ అన్నదే రైటేమో అనిపిస్తోంది. మా వృత్తిలో ‘కవర్’ అన్న ముక్కకి ఉన్నన్ని అర్థాలు ఇంక దేనికీ లేవు. వార్తని కవర్ చేస్తాం. తప్పు రాస్తే కవర్ చేసుకుంటాం. ప్రెస్‌మీట్ అయ్యాక కొన్నిచోట్ల కవర్లు చేతులు మారతాయి. ఆ వార్త మాత్రం ఎవరూ కవర్ చెయ్యరు. ఇవన్నీ నాకు తెలియకముందు మా ఇంట్లో ఇంకో కవర్ ఉండేది. గోధుమరంగుది. దాని దగ్గరికి వస్తాను.

ముందు మొన్నటి సంగతి. 2025 అక్టోబర్ 9న మా ఊరు రాష్ట్రమంతటా ఫోన్లలో తిరిగింది. మా మండలం భీమబోయినపాలెంలో సగంలో ఆగిన ప్రభుత్వ వైద్య కళాశాలని చూడ్డానికి మాజీ ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి వచ్చారు. 2022 డిసెంబర్ 30న దానికి శంకుస్థాపన చేసిందీ ఆయనే. ఇలాంటి కాలేజీల్ని ప్రైవేటు భాగస్వామ్యంతో పూర్తిచేస్తామని ఇప్పటి ప్రభుత్వం అంటోంది, అలా కుదరదని ఆయన పార్టీ అంటోంది. అందులో ఎవరిది న్యాయమో తేల్చే పని ఈ వ్యాసానిది కాదు. నేను ఆ రోజంతా చూసింది భవనాన్ని కాదు, భవనాన్ని తీస్తున్న ఫోన్లని.

లేచిన గోడల వైపు నిలబడి తీస్తే అది కాలేజీ. లేవని గోడల వైపు నిలబడి తీస్తే అది మొండి స్తంభాలు. సాయంత్రానికి మా బావ వాళ్ళ గ్రూపులో కాలేజీ తిరిగింది, మా మేనమామ వాళ్ళ గ్రూపులో స్తంభాలు తిరిగాయి. రెండు ఫొటోలూ నిజమే. ఫొటో తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు, ఎవరు నిలబెట్టారు అన్నది మాత్రం రెండిట్లోనూ లేదు. మేకలు తోలుకుంటూ అటు వచ్చిన ఒక తాత, నా భుజం మీంచి ఫోన్‌లోకి తొంగిచూసి, మళ్ళీ తలెత్తి ఎదురుగా ఉన్న భవనాన్ని చూసి, “రెండూ ఒకటేనా బాబూ?” అని అడిగాడు. ఒకటేనన్నాను. నమ్మినట్టు లేదు.

బస్సెక్కిన వార్త

మా పెదనాన్న తొంభైల నుంచీ చాలా ఏళ్ళు ఓ తెలుగు దినపత్రికకి కంట్రిబ్యూటర్. అప్పట్లో మా వైపు దాన్ని ఉద్యోగం అనేవారు కాదు, ‘పేపరు రాస్తాడు’ అనేవారు, ఏదో చేతబడి చేస్తాడన్నట్టు. పొలం పనులు చూసుకుని, మధ్యాహ్నం పోలీస్ స్టేషనూ మండలాఫీసూ ఓ చుట్టు చుట్టి, తెల్లకాగితం మీద ఒకవైపే, పక్కన మార్జిన్ వదిలి వార్త రాసేవాడు. రెండోవైపు రాస్తే డెస్కువాళ్ళు చించేస్తారని భయం. కాగితాల్ని మడిచి గోధుమరంగు కవర్లో పెట్టి, పైన ‘ప్రెస్ కవర్, అర్జెంట్’ అని ఎర్రసిరాతో రాసి, నర్సీపట్నం నుంచి తాళ్ళపాలెం మీదుగా విశాఖ వెళ్ళే బస్సు రాగానే చెయ్యెత్తి కండక్టరుకి ఇచ్చేవాడు. విశాఖ కాంప్లెక్సులో పత్రికాఫీసు కుర్రాడు వచ్చి తీసుకునేవాడు. బస్సు బ్రేక్‌డౌనైతే వార్త కూడా రోడ్డు పక్కనే పడుకునేది.

ఆ కవర్ మీద ఎడంవైపు కింద మూల ‘ఫ్రమ్’ అని రాసి తన పేరు, ఊరు, మండలం వేసేవాడు. నాకు అక్షరాలు వచ్చాక ఆ పని నాకిచ్చాడు. నా పత్రికా రచన మొదలైంది అక్కడే, ఆ నాలుగు లైన్ల చిరునామాతో.

పల్లెటూరి సంగతులకి పేపర్లో చోటు దొరకడం వెనక పెద్ద కథే ఉంది. ఈనాడు 1974 ఆగస్టు 10న మొదలైంది విశాఖపట్నంలోనే. 1989లో అది జిల్లాకో చిన్న పేపరు విడిగా ఇవ్వడం మొదలుపెట్టాక, మిగతా పత్రికలూ ఆ దారినే పట్టాక, ఊరూరికీ విలేకరి అవసరమయ్యాడు. బోరు పాడైతే వార్త. దూడకి రెండు తలలుంటే వార్త. ఢిల్లీ సంగతులు మొదటి పేజీలో ఉన్నా, టీకొట్టు దగ్గర మధ్య పేజీలే ముందు నలిగేవి. పెదనాన్నకి జీతం లేదు. అచ్చయిన వార్తల్ని కత్తిరించి, పుస్తకంలో అంటించి, స్కేలు పెట్టి కొలిచి నెలాఖరుకి లెక్క పంపేవాడు. సెంటీమీటర్ల లెక్కన డబ్బులు. పెద్దమ్మ ఆ పుస్తకాన్ని ‘మీ ఆస్తి’ అనేది.

ఒకసారి పాము కరిచి ఒకాయన చనిపోయాడు. తెల్లారి పేపర్లో పోయినాయన పేరు బదులు, ఆయన్ని మంచం మీద వేసుకుని ఆస్పత్రికి మోసుకెళ్ళినాయన పేరు పడింది. పెదనాన్న టీకొట్టుకి వెళ్ళేసరికి ఆ ‘పోయినాయన’ బెంచీ మీద కాళ్ళూపుతూ కూర్చుని ఉన్నాడు. చేతిలో పేపరు. “ఓ టీ ఎయ్యి. డబ్బులు అడక్కు. సచ్చినోడి కాడ అప్పు వసూలు సెయ్యకూడదు” అని కొట్టువాడికి చెప్తున్నాడట. అందరూ పగలబడి నవ్వారు. పెదనాన్న నవ్వలేదు. ఆ మధ్యాహ్నం కవర్లో వార్తలేవీ లేవు, సవరణ ఒక్కటే ఉంది. అది అదే పేజీలో, దాదాపు అదే చోట పడింది. తప్పు చదివినవాళ్ళే దిద్దుబాటూ చదివారు, ఎందుకంటే ఆ టీకొట్టుకి వచ్చే పేపరు ఒక్కటే.

ఏ పత్రికైనా తిరగేసి ఆఖరి పేజీ అడుగున చూడండి. ఎవరు ముద్రించారు, ఎవరు ప్రచురించారు, ఎక్కడ, సంపాదకుడెవరు అని సన్నటి అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. 1867లో తెల్లదొరలు చేసిన చట్టం పెట్టిన షరతు అది. పత్రికల మీద కన్నేసి ఉంచడానికే పెట్టారు, సందేహం లేదు. ఆ చట్టం పోయి 2023 నాటి కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చినా ఆ అడుగు లైను పోలేదు. దొర ఏ ఉద్దేశంతో పెట్టినా, అది పత్రికకి ‘ఫ్రమ్’ అడ్రసు.

‘ఫ్రమ్’ అంటే ఇంకొకాయన కూడా గుర్తొస్తాడు. మాకు ఇటువైపు కృష్ణదేవిపేట ఉంది, అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న ఊరు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్ళినప్పుడు, ఏమేం తీసుకెళ్ళాడో స్టేషను రికార్డులోనే రాసి సంతకం పెట్టాడని చెబుతారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తర్వాత్తర్వాత వస్తున్నానని ముందే కబురు పెట్టి మరీ వచ్చేవాడట. దాన్నే మిరపకాయ టపా అన్నారు. ప్రాణం మీదికి వచ్చే పనికి కూడా పేరు పెట్టి పంపిన మనిషి తిరిగిన నేల ఇది. ఇప్పుడు ఇదే నేల మీద, పక్కింటాయన మీద ఒక మాట పుట్టించడానికి డీపీలో గులాబీ పువ్వు పెట్టుకుంటున్నారు.

స్కేలు పోయి గ్రాఫు వచ్చె

తెలుగు ఇంటర్నెట్‌కి నా కంటే వయసెక్కువ. 1998లోనే ‘ఈమాట’ నెట్ పత్రిక వచ్చింది. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్ ‘లేఖిని’ చేశాక, ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు కొట్టడం వందలమందికి చేతనైంది. తెర మీద మన అక్షరం కనబడ్డమే సంబరంగా ఉన్న రోజులవి. ఆ సంబరం మా ఊరికి రాలేదు. మాకు నెట్టంటే నర్సీపట్నంలో గంటకింత అని తీసుకునే సెంటరు, పరీక్ష ఫలితాల రోజున అక్కడి తోపులాట, అంతే.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. అదే ఏడాది డిసెంబరాఖర్న కోనసీమలోని మోరి గ్రామంలో ఫైబర్‌నెట్ మొదలుపెట్టి, నెలకి 149 రూపాయలకే ఇంటింటికీ నెట్ ఇస్తామన్నారు. మా ఊళ్ళో తీగ కంటే ముందు సిమ్మే గెలిచింది. అంతకుముందు నెల మొత్తానికి ఒక జీబీ వేయించుకుని, దాన్ని చిట్టీ డబ్బుల్లా దాచుకునేవాళ్ళం. ఒక్కసారిగా జీడితోటలో కాపలా ఉన్నవాడు కూడా రాత్రంతా వీడియోలు చూసే రోజులొచ్చాయి. ఊళ్ళో పేపరు ఒకటే ఉండేది. ఫోన్లు ఎన్ని ఉన్నాయో అన్ని పేపర్లయ్యాయి.

నేను ఇంజనీరింగ్ చదివింది మా మండలంలోనే. క్యాంపస్ సెలక్షన్లలో రాలేదు. పెదనాన్న రక్తమో, పని లేకపోవడమో, ఒక వార్తల యాప్‌కి స్ట్రింగర్‌గా చేరాను. తెలుగువాళ్ళకి ఈ యాప్‌ల రుచి మరిగించింది వే2న్యూస్. 2006లో ఉచితంగా ఎస్సెమ్మెస్‌లు పంపే వే2ఎస్సెమ్మెస్‌గా మొదలై, తర్వాత నాలుగు వందల అక్షరాల్లో వార్త ముగించే యాప్ అయింది. నేను చేరింది దానిలో కాదు, వీడియోలు పెట్టే ఇంకోదానిలో. పేరు చెప్పను. ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను.

హైదరాబాద్‌లో డెస్కు ఉంటుంది. డెస్కులో ఎవరున్నారో నాకు తెలీదు, నా మొహం వాళ్ళకి తెలీదు. మా మధ్య ఉన్నది వాట్సాప్ గ్రూపు. నేను వీడియో పంపుతాను. అటునుంచి ‘బ్రో, ఎమోషన్ లేదు’ అని వస్తుంది. లేదా ‘స్టార్టింగ్‌లో ఏడుపు పెట్టు’ అని వస్తుంది. చెరకుతోటకి మంట అంటుకుని పదెకరాలు కాలిపోతే, రైతు నిబ్బరంగా మాట్లాడాడు కాబట్టి ఆ వీడియో పనికిరాలేదు. తర్వాత థంబ్‌నెయిల్. అది వేరే శాస్త్రం. పసుపు అక్షరం, నల్ల అంచు, ఎర్ర బాణం, ఒక మొహం నోరు తెరిచి. బాణం దేన్నైనా చూపించొచ్చు, ఏమీ లేని గోడనైనా సరే. ‘ఆ గదిలో ఏం జరిగిందంటే’ అని రాస్తాం. గదిలో ఏమీ జరగలేదని తెలియాలంటే ఆరు నిమిషాలు చూడాలి. మొదటి నెల ఇవి పెట్టడానికి చెయ్యి వణికేది. మూడో నెలకి బాగా కుదిరిన బాణాన్ని చూసి నేనే మురిసిపోయేవాణ్ణి. చెడ్డపని అలవాటవడానికి ఎంతకాలం పడుతుందని ఎవరైనా అడిగితే నా దగ్గర లెక్క ఉంది.

పెదనాన్నకి స్కేలు ఉండేది, నాకు గ్రాఫు ఉంది. ఎన్నో సెకనులో ఎంతమంది వెళ్ళిపోయారో గీత గీసి చూపిస్తుంది. వాళ్ళు ఎవరు, ఎందుకు వెళ్ళారు, నమ్మారా, నవ్వారా అన్నది చెప్పదు. టీకొట్టు బెంచీ మీద కాళ్ళూపుతూ కూర్చున్న ఆ ‘పోయినాయన’ నా గ్రాఫులో ఒక చుక్క కూడా కాడు.

ఒక పక్కమాట. నెట్‌లో మా ఊరి గురించి వెతికితే ఇప్పటికీ చాలాచోట్ల విశాఖపట్నం జిల్లా అనే కనబడుతుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది అనకాపల్లి జిల్లా. జనాభా అయితే 2011 దగ్గరే ఆగిపోయింది. అది సైట్ల తప్పు కాదు, తర్వాత లెక్కలు తీయలేదు మరి. నేను పదకొండేళ్ళ పిల్లాడిగా లెక్కకి వచ్చిన జనాభా అది. నెట్‌లో మా ఊళ్ళో నేనింకా ఆరో తరగతే.

నర్సీపట్నం డాక్టరు

ఈ ప్రాంతం పేరుతో బయట అన్నిటికంటే ఎక్కువ తిరిగిన వీడియోలు ఒక డాక్టరువి. నర్సీపట్నం ప్రాంతీయ ఆస్పత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసిన సుధాకర్, 2020 ఏప్రిల్ మొదటివారంలో, తమకి ఎన్‌95 మాస్కులు ఇవ్వడం లేదని, ఒకే మాస్కుతో పదిహేను రోజులు నెట్టుకురమ్మంటున్నారని కెమెరా ముందు అన్నారు. ఆయన్ని సస్పెండ్ చేశారు. మే 16న విశాఖలో హైవే మీద, ఒంటి మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టి, పోలీసులు ఆటో ఎక్కించిన దృశ్యం బయటికొచ్చింది.

లాక్‌డౌన్ కదా, ఇంట్లోనే ఉన్నాను. ఆ సాయంత్రానికే నా ఫోన్‌లో ఆ వీడియో మూడు పొడవుల్లో ఉంది. ఒకటి ఆయన కేకలు వేయడంతో మొదలై అక్కడే ఆగిపోతుంది. ఇంకోటి తాడుతో మొదలవుతుంది. ఇంకోటి ఏ మాటా లేకుండా విషాద సంగీతంతో. పంపినవాడి వాదన ఎక్కడ పూర్తవుతుందో కత్తెర అక్కడ పడింది. నేనూ ఒకటి ఫార్వర్డ్ చేశాను. ఏది చేశానో చెప్పడం ఇప్పుడు సిగ్గు. నర్సీపట్నం మాకు ఎంత దూరమని? బైకు వేసుకుంటే టీ చల్లారేలోగా చేరే ఊరు. ఆ ఆస్పత్రిలో ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. వాళ్ళనైనా అడగలేదు. తలుపు తీసి బయటికి వెళ్ళకుండానే నాకు అంతా తెలిసిపోయింది.

మే 22న హైకోర్టు కేసుని సీబీఐకి అప్పగించింది. 2021 మే 21న ఆయన గుండెపోటుతో పోయారు. ఆ రోజు మళ్ళీ అవే క్లిప్పులు, అవే పొడవులు, ఎవరి గ్రూపులో వాళ్ళవి. ఒక మనిషి బతుకు ముప్ఫై సెకన్ల ముక్కలుగా ఇంకా తిరుగుతూనే ఉంది. కోర్టు ఏమంది అని వెతకబోతే మాత్రం పాత పేజీలన్నీ తవ్వుకోవాలి. దానికి థంబ్‌నెయిల్ లేదు.

ఆ వీడియోకి తొమ్మిది రోజుల ముందు, మే 7 తెల్లవారుజామున, విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైంది. పన్నెండుమంది పోయారు. పొద్దున్నే మాకు కబురు చెప్పింది ఫోన్లే, అది కాదనలేను. ఆ రాత్రి మళ్ళీ లీకైందన్న మాట కూడా ఫోన్లలోనే పాకింది. అలాంటిదేమీ లేదని పోలీసులు చెప్పేసరికే జనం రోడ్డెక్కేశారు. మా బంధువు ఒకాయన పిల్లలిద్దర్నీ బైకు మీద ఇరికించుకుని సబ్బవరం దాటాక ఫోన్ చేశాడు. “ఎవరు చెప్పారు?” అన్నాను. “గ్రూపులో వచ్చింది” అన్నాడు. ఎవరు పెట్టారంటే తెలీదు. తప్పుబట్టలేం, పొద్దున నిజమైంది రాత్రి అబద్ధమవుతుందని ప్రాణభయంతో ఉన్నవాడు ఎలా అనుకుంటాడు?

అంతకు రెండేళ్ళ ముందు, 2018 మేలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు దిగారన్న మెసేజ్‌లు రెండు తెలుగు రాష్ట్రాల్నీ ఊపేశాయి. కొత్త మనిషి కనబడితే కట్టేసి కొట్టడాలు, ప్రాణాలు పోవడాలు. గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి అప్పుడు చేసిన పని నాకు ఇప్పటికీ నచ్చుతుంది. వాట్సాప్ పుకారుకి వాట్సాప్‌లోనే జవాబివ్వడంతో సరిపెట్టుకోకుండా, పోలీసుల్నీ జానపద కళాకారుల్నీ ఊళ్ళలోకి పంపి డప్పు మీద చెప్పించారు. డప్పు కొట్టేవాడి మొహం కనబడుతుంది కదా. అడగొచ్చు, తిట్టొచ్చు, ఆగమనొచ్చు.

ఆ జూలైలో వాట్సాప్ ‘ఫార్వర్డెడ్’ అని ఒక ముద్ర పెట్టింది, మనదేశంలో ఒక్కసారికి అయిదు చాట్లకి మించి పంపకుండా కట్టేసింది. ముద్ర మంచిదే. కానీ అది చెప్పేదల్లా ఈ కవర్ నాది కాదనే. మరి ఎవరిది?

కొంచెం వెలుగు కూడా

ఇదంతా చదివి నేను ఫోన్ పారేసి గోచీ పెట్టుకుంటానని అనుకోకండి. తెనాలి దగ్గర గుడివాడ గ్రామంలో పొలంగట్టున వంట చేసిన మస్తానమ్మని, నూరేళ్ళు దాటాక, ప్రపంచం నెట్‌లోనే చూసింది. 2018 డిసెంబర్‌లో ఆవిడ పోయేదాకా, పుచ్చకాయ డొప్పలో కోడికూర వండిన ఆ చేతుల్ని ఏ పేపరు డెస్కూ మొదటి పేజీలో వెయ్యాలనుకోలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి గంగవ్వ అలాగే వచ్చింది, తన యాసని తానే గెలిపించుకుంది. మాకు పైన కొండల్లో ‘అరకు ట్రైబల్ కల్చర్’ కుర్రాళ్ళు వెదురుకూర ఎలా వండుతారో, ఇల్లు ఎలా అలుకుతారో తామే తీసి చూపించారు. అంతకుముందు అరకు అంటే బొర్రా గుహలూ, సినిమా పాటలూను. మా నర్సీపట్నం కుర్రాడు పూరి జగన్నాథ్ 2020లో ‘పూరి మ్యూజింగ్స్’ అని ఒట్టి గొంతుతో మాట్లాడితే మా ఊళ్ళో ట్రాక్టర్ల మీద కూడా వినబడింది.

వీళ్ళందరిలో నాకు కనబడే పోలిక ఒక్కటే: మాట్లాడేవాళ్ళ మొహం తెలుసు, ఊరు తెలుసు. అది కూడా కంపెనీ దయ మీదే అనుకోండి. 2020 జూన్ 29న టిక్‌టాక్ ఆపేసినప్పుడు మా వెనకవీధి దర్జీ ఆవిడ వీడియోలన్నీ ఒక్కరాత్రిలో పోయాయి. జాకెట్టు కుట్టడం నేర్పేది. ఫోన్‌లో దాచుకోవచ్చని ఆవిడకి తెలీదు. పెదనాన్న అంటింపు పుస్తకానికి చెదలు పట్టినా సగం పేజీలున్నాయి.

పక్కనే ఉన్నావిడ

కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం బస్టాపు దగ్గర వేపచెట్టు కింద ఒకావిడ కూర్చుని ఉంది. డెబ్భై ఉంటాయి. కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ కవర్, అందులో మాత్రలు, ఎక్స్‌రే చుట్ట. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆ రోజు నేను పంపిన రెండు వీడియోలూ ‘ఎమోషన్ లేదు’ అని తిరిగొచ్చాయి. రోడ్డుకి ఇవతల నుంచే జూమ్ చేసి నలభై సెకన్లు తీశాను. ‘బస్టాపులో ఒంటరిగా వృద్ధురాలు’ అని పంపాను. అంతే రాశానని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. డెస్కు దాన్ని ‘కన్నతల్లిని రోడ్డున వదిలేసిన కసాయి కొడుకు’ చేసింది. బాణం పెట్టింది. వీణ పెట్టింది. నేను చూశాను, కాదనలేదు. అంతకుముందు నేను పంపినవేవీ అంతదూరం వెళ్ళలేదు. రాత్రంతా గ్రాఫు చూస్తూ పడుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్న ఆవిడ మా ఇంటి గుమ్మంలో ఉంది. పక్క ఊరే. మా ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, ‘పేపరు రాసేవాళ్ళ ఇల్లు’ అంటే ఎవరైనా చూపిస్తారు. తిడుతుందనుకున్నాను. అమ్మ వేసిన పీట మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, మెల్లగా అడిగింది.

“నన్ను మా గుంటడు వొగ్గీసేడని ఎవరు సెప్పేరు బాబూ నీకు?”

కొడుకు అచ్యుతాపురంలో కంపెనీలో పని. ఆ రోజు సెలవు పెట్టి తల్లిని నర్సీపట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. తిరిగొస్తూ మాత్రల చీటీ అక్కడే మర్చిపోయామని గుర్తొచ్చి, ఎండకి ఓర్చుకోలేదని ఆవిణ్ణి చెట్టు నీడన కూర్చోబెట్టి, మళ్ళీ వెళ్ళొచ్చాడు. ముప్పావుగంట. కళ్ళకి శుక్లాలు, నీళ్ళు కారతాయి. అంతే.

“నీను పక్కనే కూకున్నాను గదా. ఒక్క ముక్క అడక్కూడదా?”

నా దగ్గర కవర్ చేసుకోవడానికి ఏమీ లేకపోయింది. డెస్కు మార్చిందండీ అనబోయి ఆగాను. అమ్మ లోపల్నుంచి చూస్తోంది.

గ్రూపులో మెసేజ్ పెడితే వీడియో తీసేశారు, అది నిజం. అప్పటికే దాన్ని కోసుకుని తమ లోగోలు వేసుకున్నవి ఎన్నో. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ నియమాల ప్రకారం డిజిటల్ వార్తాసంస్థలు ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు పెట్టాలి, పదిహేను రోజుల్లో తేల్చాలి. వెతికితే ఒక మెయిల్ అడ్రసు దొరికింది. ఆవిడకి అది చూపించి ఏం చెప్పను? ఆ వీడియో ఎత్తుకున్నవాళ్ళలో సగంమందికి ఆ మెయిలూ లేదు. ఆ మధ్యాహ్నం వాళ్ళ ఊరు వెళ్ళి, తల్లీ కొడుకుల్ని అరుగు మీద కూర్చోబెట్టి కొత్త వీడియో తీసి, తప్పు నాదేనని నా మొహం పెట్టి చెప్పాను. కొడుకు నావైపు చూడలేదు. ఆ వీడియో మా ఊరి పొలిమేర దాటలేదు. తప్పు ఏ దారిన పోయిందో ఆ దారి నాకే తెలియనప్పుడు దిద్దుబాటుని ఎటు పంపను?

వారం తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చింది. కోడలి పుట్టింటివాళ్ళు చోడవరం వైపు. వియ్యపురాలు ఫోన్ చేసి మాటలు అంటోందట. వచ్చేవారం మనవరాలి ఓణీల ఫంక్షన్, అందరూ అక్కడే ఉంటారు.

“పోన్లో కాదు బాబూ. అది ఆళ్ళకి రాదు. కాయితం మీద రాసియ్యి. నీ పేరు రాయి. మా ఇయ్యపురాలు సదూకుంది.”

పెదనాన్న బల్ల సొరుగులో తెల్లకాగితాలున్నాయి, అంచులు పసుపెక్కి. ఒకవైపే రాశాను, మార్జిన్ వదిలి. చేతిరాత వంకరపోయింది, పరీక్షలయ్యాక ఇంత పొడుగు రాసింది లేదు. రెండుసార్లు చింపి మూడోసారి రాశాను. ఏ తేదీన, ఎక్కడ, ఏం చూశాను, ఏం అడగలేదు. కింద సంతకం. గోధుమరంగు కవర్లు కూడా ఒక కట్ట ఉంది, జిగురు ఎండిపోయి. అన్నం మెతుకు పెట్టి అంటించాను. ఆవిడ చెయ్యి చాచింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

“ఎవరు పంపేరో పైన రాయవా?”

ఎడంవైపు కింద మూల ‘ఫ్రమ్’ అని వేసి, నా పేరు, ఇంటిపేరు, మాకవరపాలెం, అనకాపల్లి జిల్లా అని రాశాను. ఆవిడ దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని కాసేపు చూసి, మాత్రలున్న ప్లాస్టిక్ కవర్లో ఎక్స్‌రే పక్కన నలక్కుండా పెట్టుకుంది.